బొమ్మ పూర్తయ్యేదాకా

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ గదిలో అడుగుపెడితే ముందుగా ఎదురయ్యేవాళ్లు చనిపోయినవాళ్లే. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక పాత మేడ మీద ఆవిడ అద్దెకుండేది. ఎవరైనా తమ ఇంట్లో పోయినవాళ్ల ఫోటో తెచ్చిస్తే, దాన్ని చూసి గోడకు తగిలించుకునేంత పెద్ద బొమ్మగా రంగుల్లో వేసివ్వడం ఆవిడ జీవనాధారం. రంగులు ఆరేదాకా ఆ ముఖాలన్నీ గోడకు ఆనుకుని, లోపలికి ఎవరొచ్చారా అని చూస్తున్నట్టు ఉండేవి. మొదట్లో నాకు భయమేసేది. తర్వాత అలవాటైపోయింది. ఆ గదిలో నన్ను ఇప్పటికీ వదలని ముఖం మాత్రం బతికున్న పిల్లది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెళ్లికి ముందు మద్రాసులో చిత్రలేఖనం నేర్చుకుంది. పెదనాన్న చిన్న వయసులోనే పోతే, పుట్టింటికి వచ్చెయ్యమని అందరూ పిలిచినా రాకుండా, రంగుల పెట్టె పట్టుకుని బెజవాడ వచ్చి ఆ గది తీసుకుంది. మాది మంగళగిరి. నాన్న చేనేత బట్టల వ్యాపారం చేసేవాడు. గవర్నర్‌పేట కొట్లలో చీరల మూటలు దింపడానికి వచ్చినప్పుడల్లా ఒక ముతక బట్ట తాను పెద్దమ్మకు ఇచ్చి వెళ్లేవాడు. ఆవిడ దాన్ని చెక్క చట్రానికి బిగించి, బంకలో సుద్దపొడి కలిపి పూతలు పూసి, ఎండాక దాని మీద బొమ్మ వేసేది. ఐదో తరగతికి నన్ను బెజవాడ బళ్లో చేర్చి ఆవిడ దగ్గరే ఉంచారు. సుద్ద పూత పూయడం నా పని. అవిసె నూనె, టర్పెంటైను కలిసిన ఆ గది వాసన నా బడి గౌను నిండా ఉండేది.

కింది వాటాలో ఇంటివాళ్లు ఉండేవాళ్లు. నేను బెజవాడ వచ్చే ముందు ఏడాది సముద్రం పొంగి తీరంలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. ఆ ఉప్పెన తర్వాత బట్టలూ బియ్యమూ పంచడానికి కారులో వెళ్లిన ఇంటాయన, తిరిగొచ్చేటప్పుడు ఒక చేపలుపట్టేవాళ్ల పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. దానికి ఎవరూ మిగల్లేదని, సొంత బిడ్డలా పెంచుకుంటామని చెప్పారు. వాళ్లది ఎంత మంచి మనసో అని పేటలో అందరూ మెచ్చుకున్నారు. పెద్దమ్మ కూడా మెచ్చుకుంది.

ఆ పిల్లది ఇంచుమించు నా వయసే. వాళ్లమ్మాయీ నేనూ ఒకే రిక్షాలో బడికి వెళ్లేవాళ్లం. మేం వెళ్లేటప్పటికి ఆ పిల్ల కుళాయి దగ్గర అంట్లు తోముతూ ఉండేది. తిరిగొచ్చేటప్పటికి వాళ్ల చంటివాణ్ని చంకనేసుకుని వాకిట్లో తిప్పుతూ ఉండేది. రాత్రి మెట్ల కింద గోనెపట్టా పరుచుకుని పడుకునేది. ఏ పూట అన్నం మిగిలితే ఆ పూట దానిది. పాత పేరు పలకడానికి బాగోలేదని దానికి వాళ్లే కొత్త పేరు పెట్టారు. ఆ కొత్త పేరుతో పిలిస్తే ఒక్కోసారి వెంటనే పలికేది కాదు. చెవుడేమో అనుకునేవాళ్లు. పొగరు అని ఇంటావిడ అనేది.

మేడ మెట్ల మీద నుంచి ఇదంతా రోజూ చూస్తూ చూస్తూ పెద్దమ్మకు మెచ్చుకోలు పోయింది. ఒకసారి కిందికి వెళ్లి, ఆ పిల్లను బడికి పంపకూడదా అని మెల్లిగా అడిగింది. తిండీ బట్టా ఇచ్చి నీడపట్టున ఉంచాం, ఇంకేం చెయ్యాలండీ అని ఇంటావిడ నొచ్చుకుంది. ఇల్లు వాళ్లది, పెద్దమ్మ అద్దెకున్న మనిషి. పైకి వచ్చేసింది. ఆ సాయంత్రమంతా కుంచెలు కడుగుతూనే ఉంది.

దసరా దగ్గరపడుతుండగా ఆవిడకు ఒక ఉపాయం తోచింది. నవరాత్రుల్లో ఒకరోజు కొండ మీద దుర్గమ్మను బాలా త్రిపురసుందరిగా, చిన్నపిల్లలా అలంకరిస్తారు. ఆ రోజు ఇళ్లలో కూడా ఆడపిల్లలను పీటల మీద కూర్చోబెట్టి, కాళ్లు కడిగి పసుపు రాసి, అమ్మవారిగా భావించి పూజ చేస్తారు. కింది వాళ్లింట్లో ఆ పూజ ఘనంగా జరిగేది. పెద్దమ్మ వెళ్లి, ఈసారి మీ పూజకు బాల పటం ఒకటి నా చేత్తో వేసిస్తాను, చిన్నపిల్ల మెడా భుజాలూ ఎలా ఉంటాయో చూసుకోవడానికి మీ పనిపిల్లను మధ్యాహ్నం పూట కాసేపు పైకి పంపండి అని అడిగింది. పటం అనేసరికి ఇంటావిడ సంతోషంగా ఒప్పుకుంది.

అలా ఆ పిల్ల శని, ఆదివారాలు మధ్యాహ్నం మా గదికి వచ్చేది. మొదటిరోజు స్టూలు మీద కూర్చోమంటే నేల మీద కూర్చుంది. ఇక్కడ పనేమీ లేదమ్మా, కాసేపు పడుకో అని పెద్దమ్మ చాప పరిచింది. ఆ పిల్ల నమ్మలేనట్టు తలుపు వైపు చూసి, మెల్లిగా ఒరిగి, అంతలోనే నిద్రపోయింది. అంత గాఢంగా నిద్రపోయే పిల్లను నేను అంతవరకూ చూడలేదు. పెద్దమ్మ గడియారం చూసుకుంటూ, బొగ్గుముక్కతో ఆ నిద్రపోయే ముఖాన్ని కాగితం మీద గీసుకుంటూ కూర్చుంది.

కొన్నాళ్లకు ఆ పిల్ల నిద్రపోవడం మాని స్టూలు మీద కూర్చోవడం నేర్చుకుంది. నేను నా జంతికల్లో సగం దానికి పెట్టేదాన్ని. చనిపోయినవాళ్ల బొమ్మల ముందు ఆగి ఒక్కొక్కరినీ చాలాసేపు చూసేది. ఒకసారి నన్ను అడిగింది, ఫోటో లేకపోయినా బొమ్మ వేస్తారా అని. తెలియదన్నాను. తనకొక తమ్ముడుండేవాడనీ, నీళ్లొచ్చినప్పుడు చెయ్యి జారిపోయాడనీ చెప్పింది. ఏడవలేదు. ఏదో ఊళ్లో కబురు చెప్పినట్టు చెప్పింది. పెద్దమ్మ కుంచె పక్కన పెట్టి దాని పక్కన కూర్చుని, తమ్ముడి కళ్లు ఎలా ఉండేవి, జుట్టు ఎలా ఉండేదని అడుగుతూ గీసింది. చెవులు ఇంకా పెద్దవి అని ఆ పిల్ల రెండుసార్లు దిద్దించింది. మూడోసారి ఏమీ అనలేదు. ఆ కాగితం తీసుకోనంది. మెట్ల కింద దాచుకోవడానికి చోటు లేదట.

ఆ రోజే పెద్దమ్మ దాని అసలు పేరు అడిగింది. చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను. తను ఎక్కడైనా ఉంటే, చెప్పుకునే హక్కు తనది.

తర్వాతి వారం స్టూలు మీద కూర్చుని, పటంలో అమ్మవారి అభయహస్తం కోసం ముందుకు చాపిన చెయ్యి కదలనివ్వకుండా, తనంతట తనే నోరు విప్పింది.

"అమ్మగారూ, మా నానమ్మ దగ్గరికి తీసుకెళ్తారా?"

పెద్దమ్మ కుంచె దించింది. నీకెవరూ లేరన్నారు కదమ్మా అంది. నానమ్మ ఉందని ఆ పిల్ల చెప్పింది. ఉప్పెన తర్వాత అందరినీ ఉంచిన బడిలో ఇద్దరూ కలిసే ఉన్నారట. ఈ ఇంటాయన వచ్చి బడికి పంపిస్తాం, వానాకాలం పోగానే తీసుకొచ్చి చూపిస్తాం అంటే, వెళ్లమ్మా, చదువుకో అని నానమ్మే కారెక్కించిందట. ఊరి పేరు చెప్పింది. బస్సు దిగి కాలవ గట్టున ఎటు నడవాలో కూడా చెప్పింది.

పెద్దమ్మ బొమ్మ వైపు చూసింది, పిల్ల వైపు చూసింది.

"ఈ బొమ్మ పూర్తవనీ తల్లీ. పూర్తవగానే నేనే తీసుకెళ్తాను."

ఆ పిల్ల తలూపి, మళ్లీ చెయ్యి ముందుకు చాపి కూర్చుంది. ఆ తర్వాత ఎప్పుడూ గుర్తు చెయ్యలేదు. కానీ వచ్చిన ప్రతిసారీ ముందు బొమ్మ దగ్గరికి వెళ్లి, ఇంకా ఎంత మిగిలిందో చూసుకునేది.

పూజ రోజు పొద్దున్న పటానికి గుడ్డ కప్పి కిందికి తీసుకెళ్లాం. ఇంటావిడ హడావుడిలో ఉంది. గోడకు తగిలించి దండ వేసి, అమ్మవారు ఎంత కళగా ఉందండీ అని మురిసిపోయింది. పటంలో బాల పట్టుపరికిణీ కట్టుకుని, తల మీద కిరీటంతో, తామరపువ్వు మీద కూర్చుని ఉంది. ముఖం ఆ పిల్లదే. పైపై పోలిక కాదు, ఆ కళ్లూ ఆ పెదవులూ చెంప మీద పుట్టుమచ్చతో సహా దానివే. ఏడాదిగా రోజూ కళ్లముందు తిరుగుతున్న ముఖాన్ని ఇంటావిడ గుర్తుపట్టలేదు. ఎందుకంటే ఎప్పుడూ చూడలేదు. పెద్దమ్మ దాన్నే నమ్ముకుంది.

పేరంటానికి పేటలో ఆడవాళ్లందరూ వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు పటానికి దణ్ణం పెట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని, ఆడపిల్లలను, పీటల మీద వరసగా కూర్చోబెట్టారు. వాళ్లమ్మాయి మొదట, నేను చివర. ఇంటావిడ పళ్లెంలో ఒక్కొక్కరి కాళ్లూ కడిగి, పసుపు రాసి, కుంకుమ పెడుతూ వస్తోంది. వెనక ఇత్తడి బిందె పట్టుకుని నీళ్లు పోస్తున్నది ఆ పిల్ల.

నా దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల సరిగ్గా పటం కింద నిలబడింది. నేను తలెత్తి చూశాను. ఆ క్షణం ఇప్పటికీ అలాగే ఉంది. పైన ఆ ముఖమే కిరీటంతో, కింద ఆ ముఖమే చెమటతో. పటంలో అభయమిస్తున్న అరచెయ్యి మావైపే తిరిగి ఉంది. దాని మీద బూడిదకూ సబ్బుకూ పగిలిన గీతలు, తోలు లేచిన చోటు, వేలి కొసన కాలిన మచ్చ, అన్నీ ఉన్నాయి. కింద బిందె అంచు పట్టుకున్న చేతి మీద కూడా అవే.

ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఎవరో ముందు చూశారు. మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కాసేపటి క్రితం ఆ ముఖానికే దణ్ణం పెట్టినవాళ్లు ఇప్పుడు ఎటు చూడాలో తెలియక చీర కొంగులు సర్దుకున్నారు. ఏమైందోనని ఇంటావిడ వెనక్కి తిరిగింది. పటాన్ని చూసింది, పిల్లను చూసింది. పసుపు పూసిన ఆవిడ చెయ్యి నా పాదం మీదే ఉంది. ఆ వేళ్లు బిగుసుకోవడం నాకు తెలిసింది.

వాళ్లలో వయసులో పెద్దావిడ ఒకరు మెల్లిగా అన్నారు.

"ఆ పిల్లను కూడా ఒక పీట మీద కూర్చోబెట్టమ్మా."

ఇంటావిడ నా పాదం వదిలి లేచింది. ఆ పిల్ల మాత్రం ఇదేదీ పట్టించుకోలేదు. బిందె కింద పెట్టి, పటాన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసుకుని, గుమ్మం దగ్గరున్న పెద్దమ్మ వైపు తిరిగింది.

"బొమ్మ అయిపోయిందా అమ్మగారూ?"

ఆ ప్రశ్నకు అర్థం ఆ గదిలో పెద్దమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

"అయిపోయిందమ్మా. రేపు పొద్దున్నే" అంది పెద్దమ్మ.

పండగ పూట అంతమంది ముందు రభస ఎందుకనుకుంది. అంతా చూశారు కాబట్టి ఇక ఎవరూ అడ్డుచెప్పలేరనుకుంది. ఆ సాయంత్రం నా చేత ఒక గౌను తీయించి, ఆ పిల్లకు సరిపోతుందని సంచిలో పెట్టింది. తమ్ముడి బొమ్మ ఉన్న కాగితాన్ని కూడా చుట్టి అందులోనే పెట్టింది.

పొద్దున్న మేం దిగేసరికి మెట్ల కింద గోనెపట్టా మడతపెట్టి ఉంది. మా చెల్లెలి ఊరికి పంపించాం, అక్కడ బడిలో వేస్తారు అని ఇంటావిడ తలుపు సగం తీసి చెప్పింది. ఏ ఊరని అడిగితే, మీకెందుకండీ అంది. పటాన్ని అప్పటికే దించేసి మెట్ల మీద గోడవైపు తిప్పి పెట్టారు. దండ ఇంకా దానికే వేలాడుతోంది. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమన్నారు.

పెద్దమ్మ పోలీసుస్టేషనుకు వెళ్లింది. మీరు ఆ పిల్లకేమవుతారని అడిగారు. ఏమీ కానని చెప్పేసరికి, వెళ్లి రండమ్మా అన్నారు. అప్పుడు నన్ను వెంటబెట్టుకుని తీరం వైపు బస్సెక్కింది. ఆ పిల్ల చెప్పిన ఊళ్లో దిగి, చెప్పిన కాలవ గట్టునే నడిచాం. కొత్తగా వేసిన తాటాకు పాకల దగ్గర ఒక ముసలావిడ చేపలు ఎండబెడుతోంది. పేరు చెప్పగానే చేతులు కడుక్కుని పరుగున వచ్చింది. మా వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని గట్టు వైపు చూసింది.

పెద్దమ్మ బొగ్గుతో గీసిన ఆ నిద్రపోయే ముఖాన్ని విప్పి చూపించింది. ఆవిడ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని, చెంప మీద వేలితో నిమిరింది.

"ఇంత చిక్కిపోయిందేంటమ్మా నా తల్లి? బళ్లో వేస్తామన్నారే" అంది.

పెద్దమ్మ అక్కడే ఆ ఇసకలో కూర్చుండిపోయింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆ పిల్ల అడిగిన రోజే తీసుకురావాల్సిందనీ, బొమ్మ పూర్తయ్యేదాకా ఆగమన్నాననీ చెప్పింది. పెద్దవాళ్లు అలా ఏడుస్తూ చెప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. ముసలావిడ తిట్టలేదు. ఎండుతున్న చేపల మీద తాటాకు కప్పి, ఇంకో బస్సు ఎప్పుడుందమ్మా అని అడిగింది. మాతోపాటే బెజవాడ వచ్చి, ఆ ఇంటి వాకిట్లో నిలబడింది. ఇంటాయన బయటికి వచ్చి, ఈసారి ఇంకో మాట చెప్పాడు. ఇంటావిడ చెల్లెలి ఊరికి తీసుకెళ్తుంటే స్టేషన్లో నీళ్లు తాగుతానని దిగి, మళ్లీ రైలెక్కలేదట. వెతికించాం, కనిపించలేదు అన్నాడు. నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. నానమ్మను చూపిస్తే పోలీసులు ఈసారి ఫిర్యాదు తీసుకున్నారు గానీ, ఎక్కడా ఏ ఆచూకీ దొరకలేదు.

తిరుగుబస్సు ఎక్కించేటప్పుడు పెద్దమ్మ ఆ బొగ్గు బొమ్మను ముసలావిడకే ఇచ్చేసింది. తర్వాత ముసలావిడ ఉన్నన్నాళ్లూ పెద్దమ్మ ఏటా వెళ్లి చూసివచ్చేది. ఆ ఇంటి నుంచి వచ్చేసిన రోజు సామాన్లు సర్దుతూ, నేను అడక్కుండానే నాతో ఒక మాట అంది.

"ముఖం అప్పుడు బాగా కుదురుతూ ఉందే. ఆ పిల్ల అడిగిన రోజు నాకు ఆపబుద్ధి కాలేదు. వాళ్లకు బుద్ధి చెప్పాలనుకున్నాను గానీ, ఆ పిల్ల అడిగింది అది కాదు కదా."

నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యేకొద్దీ ఆ మాట బరువెక్కుతూ వచ్చింది.

పెద్దమ్మ రైల్వేస్టేషన్ దగ్గర ఒక గోడౌన్ గది అద్దెకు తీసుకుంది. ఇళ్లలోంచి పారిపోయి వచ్చినవాళ్లు, ఎవరో తెచ్చి వదిలేసినవాళ్లు, ప్లాట్‌ఫారం మీద తిరిగే పిల్లలు అక్కడికి వచ్చి అన్నం తిని, రంగులతో ఆడుకుని పోయేవాళ్లు. వచ్చిన ప్రతి పిల్లనీ ముందు నీకేం కావాలని అడిగేది. ఇంటికి వెళ్తానంటే, ఎంత తడి రంగు చేతికున్నా అప్పుడే లేచేది. ఎన్ని బొమ్మలు అలా సగంలో ఆగి ఎండిపోయాయో. బొమ్మ గీయించుకోవడం ఇష్టం లేదన్న పిల్లను గీసేది కాదు.

చనిపోయినవాళ్ల బొమ్మలు మానేసింది. ఇటుకబట్టీల్లో, రొయ్యల షెడ్లలో, ఇళ్ల వంటగదుల్లో పనిచేసే పిల్లలను వేసింది. మనుషులను గొలుసులు వేసి ఓడల్లో దేశాలు దాటించి అమ్మిన పాత చరిత్ర చదివి, గోడంత ఓడ బొమ్మ ఒకటి వేసింది. ఆ ఓడ అడుగున వరసగా పడుకున్నవాళ్లందరికీ మన కృష్ణ ఒడ్డు పిల్లల ముఖాలే. పెద్ద ఊళ్ల నుంచి వచ్చి చూసి, వాటిని ప్రదర్శనలకు తీసుకెళ్లేవాళ్లు. ఆ ఇంటి నుంచి తెచ్చుకుని గోడవైపు తిప్పి ఉంచిన బాల పటాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి దసరాకూ కూర్చుని ఆ పిల్ల ముఖాన్ని ఒక ఏడు పెంచి బొగ్గుతో గీసేది. గౌను పిల్ల ఓణీ పిల్లయింది. తర్వాత చెంపలు నిండాయి, ఆ తర్వాత కళ్ల కింద ముడతలొచ్చాయి. చేతులు వణకడం మొదలయ్యాక గీసిన ఆఖరి దాంట్లో జుట్టు నెరిసి ఉంది. నన్ను పిలిచి, ఇలా ఉంటుందంటావా అని అడిగింది. ఉంటుందన్నాను.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. నేను బళ్లో పాఠాలు చెప్పి రిటైరై, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఫ్లాటులో ఉంటున్నాను. సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు నా వయసు ఆడవాళ్ల చెంపల మీదికి నా చూపు దానంతట అదే వెళ్తుంది. చేపల మార్కెట్లో, బస్టాండులో కూడా అంతే. ఒకసారి ఒకావిడ, ఎందుకు చూస్తున్నారండీ అని అడిగేసింది కూడా.

మొన్నామధ్య పై అంతస్తువాళ్లు పసిబిడ్డను ఆడించడానికని ఎక్కడినుంచో ఒక పిల్లను తెచ్చుకున్నారు. చదివిస్తున్నామని చెప్పారు. ఒక పొద్దున్న ఆ పిల్ల పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తోడు తీసుకుని వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడింది. అమ్మమ్మగారూ, మా అమ్మకొకసారి ఫోన్ చేసిస్తారా అంది. పొయ్యి మీద పాలు పొంగు మీదున్నాయి. పనిమనిషి అంట్ల కోసం వంటింట్లోంచి పిలుస్తోంది. నేను పొయ్యి కట్టేసి, నంబరు చెప్పమ్మా అన్నాను. అవతల వాళ్లమ్మ గొంతు వినగానే, ఇంటికొచ్చేస్తానమ్మా అని మాత్రం అని ఆ పిల్ల ఏడ్చేసింది. ఫోను నేను తీసుకుని, మీ అమ్మాయికి ఇంటికి రావాలనుంది అని చెప్పి, చెప్పులు వేసుకుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పై అంతస్తుకు మెట్లెక్కాను. లిఫ్టు వచ్చేదాకా కూడా ఆగలేదు.